ఆస్థాన తిట్టుబోతు

ప్రజల కష్టాలను ప్రజల నోటనే వినాలని కరువు మంత్రిగారు మహత్తరమైన నిర్ణయం తీసుకున్నారు. దాని తొలి లబ్ధిదారు కుళ్ళాయప్ప.

ఎనభైల తొలినాళ్ల మాట. మంత్రిగారు బత్తలపల్లె దగ్గరి ఓ పల్లెకు కరువు చూడ్డానికి వచ్చారు. ఎండిన వేరుశనగ చెట్టు పెరికి జీపు మీద విసిరాడు ఆ ఊరి రైతు కుళ్ళాయప్ప.

"ఏమప్పా, జీపులో కూచోనుంటే కరువు కనపడతాదా? దిగు! తాగేదానికి చుక్క నీళ్లు లేవు ఈడ!"

మర్నాడు పేపరు మొదటి పేజీలో అతని ఫొటో పడింది. ఊరికి బోరు మంజూరైంది. తిట్లు తిన్న మంత్రిగారి ఓర్పును రాష్ట్రమంతా మెచ్చుకుంది. మంత్రిగారు తెలివైనవారు, కుళ్ళాయప్పకు కబురు పెట్టారు.

"ప్రతి మీటింగులోనూ నన్ను తిట్టాలయ్యా."

"నిజంగానే తిట్టాల్నా సామీ?"

"నిజంగానే. పీఏ రాసిస్తాడు."

కర్ణాటక సరిహద్దున ఉన్న గుమ్మఘట్టలో కన్నడంలో కూడా తిట్టాడు. మంత్రిగారు వినయంగా తల వంచుకునేవారు, జనం ఈలలు వేసేవారు. ఆరు నెలల్లో కుళ్ళాయప్పకు జీపు, గొంతుకు మిరియాల పాలు ఏర్పాటయ్యాయి. చినిగిన పంచె మాత్రం స్టేజీ ఎక్కేముందు కట్టుకునేవాడు.

చివరికి కుళ్ళాయప్ప సొంత ఊర్లోనే బోరు ప్రారంభోత్సవం పెట్టారు. బోరు లారీ వచ్చి నిలబడింది. కుళ్ళాయప్ప ఇంకా పంచె మార్చుకుంటుండగానే, అతని భార్య ఓబమ్మ ఖాళీ బిందెతో స్టేజీ ఎక్కేసింది.

"ఆరు నెల్లాయ గదప్పా మంజూరై! నీళ్లు యాడ? నీకు సిగ్గుండాదా?"

ఎవరూ రాసివ్వని తిట్టు. మీటింగు దద్దరిల్లింది. ఫొటోగ్రాఫర్లంతా ఆమె చుట్టూ మూగారు.

"పేరు రాసుకో. కుళ్ళాయప్పకంటే బాగా తిడుతోంది," అన్నారు మంత్రిగారు పీఏతో.

ఆ మాట కుళ్ళాయప్ప చెవిన పడింది. ఉన్న ఉద్యోగం పెళ్లాం ఎగరేసుకుపోయేలా ఉంది. పరుగున వచ్చి మైకు లాక్కున్నాడు.

"సామీ, దీని మాట నమ్మొద్దండి! మా ఊర్లో నీళ్లకేం కొదవ లేదు!"

మంత్రిగారి కళ్లు చెమర్చాయి.

"మొహమాటం లేకుండా నన్ను తిట్టిన మనిషి! ఇతను అబద్ధమాడతాడా?" అని అక్కడికక్కడే కరువు జాబితాలోంచి ఊరి పేరు కొట్టేయించారు. బోరు లారీ బుక్కరాయసముద్రం వైపు తిరిగింది. ఓబమ్మ ఖాళీ బిందె మొగుడి చేతిలో పెట్టి స్టేజీ దిగిపోయింది.

పీఏ కుళ్ళాయప్ప భుజం తట్టాడు.

"ఇంగ తిట్టన్నా. ఫొటోవాళ్లు కాసుకోనుండారు."

కుళ్ళాయప్ప గొంతు సవరించుకున్నాడు. ఒక్క తిట్టూ నోటికి రాలేదు.