ప్రకృతి పాదచారుల సంఘం, కొత్తపేట

కొత్తపేట ప్రకృతి పాదచారుల సంఘం 2002 నవంబరు మొదటి ఆదివారం ఉదయం ఆరున్నర గంటలకు మా ఇంటి అరుగు మీద ఆవిర్భవించిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. వ్యవస్థాపక అధ్యక్షుణ్ణి నేనే. నాతో కలిపి సభ్యులు నలుగురు. ఆశయాలు రెండు. ప్రతి ఆదివారం కాలవగట్టు వెంట పలివెల దాకా నడుస్తూ ప్రకృతిని ఆస్వాదించడం ఒకటి. అక్కడ సభ్యుడు సుబ్బరాజుగారి కొబ్బరితోటలో కూర్చుని, ఇంట్లో వండిన సాదా భోజనం చేయడం రెండోది.

ఇంత గొప్ప ఆశయాలు నాకెలా కలిగాయో మీ దగ్గర దాచను. అంతకు నాలుగు రోజుల ముందు డాక్టరు మాణిక్యాలరావుగారు నా రక్తపరీక్ష కాగితం చూసి, కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు.

"సుగరు బాగా ఎక్కువుందండీ సూపర్నెంటుగారూ. మూడు నెలలు టైమిస్తున్నాను. రోజూ నడవండి. ఇంట్లో సాదాగా వండింది తినండి. జనవరాఖరుకి తగ్గిందా, సరేసరి. లేదంటే రోజూ పొద్దున్నే ఇన్సులిన్ సూదేనండి."

నేను ఆఫీసులో పద్నాలుగు మంది గుమాస్తాలను గడగడలాడించే మనిషిని. సూదిని చూస్తే మాత్రం నాకు కళ్ళు తిరుగుతాయి. చిన్నప్పుడు టీకాలవాళ్ళు ఊళ్ళోకొస్తే గడ్డిమేటు ఎక్కి సాయంత్రం దాకా దిగలేదు. ఇప్పుడు ఎక్కడానికి గడ్డిమేటు లేదు, వయసూ లేదు. పోనీ జబ్బు సంగతి నలుగురికీ చెబుదామా అంటే, పెళ్ళిళ్ళలో బూరెలు వడ్డించేవాడు నా ఆకు దాటి వెళ్ళిపోతాడు. అందుచేత ప్రకృతి మీద ప్రేమ పెంచుకున్నాను. 'రోజూ' అన్న డాక్టరుగారి మాటను ఆఫీసు పద్ధతిలో క్షుణ్ణంగా పరిశీలించి, వారానికోసారిగా సవరించుకున్నాను.

ప్రారంభోపన్యాసంలో నేనిలా అన్నాను: "మిత్రులారా! పట్నాలవాళ్ళు కొండలెక్కడానికి రైళ్ళెక్కి పోతున్నారు. మనకు కొండలు లేకపోవచ్చు. కానీ కాలవ మీద వంతెన ఉంది!" చప్పట్లు మోగాయి. మా చుట్టుపక్కల దానికి మించిన ఎత్తు కొబ్బరిచెట్టే. కాయల దింపు తీసేవాళ్ళు దాన్ని రోజుకు నలభైసార్లు ఎక్కుతారు గానీ, దాన్ని ప్రకృతి ఆస్వాదన అనరు. మేం నలుగురం వంతెన అధిరోహించి, చేతులు చాపి, గుండెలనిండా గాలి పీల్చుకున్నాం. సభ్యుడూ, ఫోటో స్టూడియో యజమానీ అయిన తాతబ్బాయి ఫోటో తీశాడు. అది జిల్లా పేపర్లో వచ్చింది. ఫోటోలో మా వెనక గట్టు మీద చిన్న మచ్చలాంటిదేదో ఉంది. ముద్రణ లోపమనుకున్నాం.

ఇక నడక సంగతి. మా సీమలో పరువైన మనిషి కాలినడకన కనబడితే దాన్ని ఆపదగా భావిస్తారు. వంతెన దిగి వంద అడుగులు వేశామో లేదో ఎరువుల కొట్టు నాగబాబు మోటారుసైకిలు ఆపాడు.

"అయ్యబాబోయ్, తమరు నడవడమేటండీ! బండి పాడయ్యిందా? ఎక్కండెక్కండి."

"లేదు నాగబాబూ, ప్రకృతి కోసం నడుస్తున్నాం."

"ఆయ్, అలాగేనండి. ముందు ఎక్కండి, తమర్ని పలివెల్లోనే దింపేస్తాను."

కాదంటే నొచ్చుకుంటాడు. మర్యాద కోసం ఎక్కాను. నా వెనక వస్తున్న సభ్యుడు సాలమోను మాస్టారిని పాలవ్యాను మర్యాద చేసింది. తాతబ్బాయికి ట్రాక్టరు దొరికింది. సుబ్బరాజుగారికైతే ముగ్గురు పోటీపడ్డారు. ఆవిధంగా మొదటి ఆదివారం మేం రెండొందల గజాలు నడిచాం. తర్వాతి వారాల్లో విషయం ఊరంతా తెలిసిపోయి, బళ్ళవాళ్ళు వంతెన దగ్గరే కాచుకుని ఉండేవారు. డిసెంబరు నాటికి మా ఇంటి అరుగుకే వచ్చేశారు. ప్రకృతిని మాత్రం వదల్లేదు. బండి మీద వెనక కూర్చుంటే రెండువైపులా బాగా కనిపిస్తుంది.

సాదా భోజనం విషయంలో నేను చాలా నిక్కచ్చిగా ఉన్నాను. గ్యాసు పొయ్యి మీద వండితే అది సాదా ఎలా అవుతుంది? మా ఆవిడ పార్వతికి పెరట్లో కట్టెలపొయ్యి పెట్టించాను. మిక్సీని అటకెక్కించి, మూల పడున్న రుబ్బురోలు కడిగించాను. నిరాడంబర జీవితం ఎంత హాయిగా ఉంటుందో అరుగు మీద కూర్చుని ఆవిడకు వివరించాను. పొగకు దగ్గుతూనే ఆవిడ శ్రద్ధగా విన్నది.

మొదటి వారం పెరుగన్నం, నిమ్మకాయ పచ్చడి. రెండో వారం సాలమోను మాస్టారింటి నుంచి సాదాగా పులిహోర, పెసర పునుగులు వచ్చాయి. సంఘాధ్యక్షుడి ఇల్లు వెనకబడితే బాగుండదని మూడో వారం మేం కంద బచ్చలి, గుత్తివంకాయ, బొబ్బట్లు సాదాగా చేయించాం. కార్తీకం వెళ్ళగానే సుబ్బరాజుగారు కొరమీను పులుసుతో నిరాడంబరతను ఎవరూ అందుకోలేని ఎత్తుకు తీసుకుపోయారు. భోజనాలయ్యాక చాపల మీద పడుకుని, పిజ్జాలు తినే పట్నంవాళ్ళ ఆరోగ్యం గురించి జాలిపడేవాళ్ళం.

ఇంత సాదా భోజనం నాలుగు గిన్నెల కేరేజీలో పట్టదు, ఆరు గిన్నెలది కావలసి వచ్చింది. ప్రకృతిని ఆస్వాదించే మనిషి చేతిలో కేరేజీ ఉంటే దృష్టి చెదురుతుంది. బండి మీద పెడితే పులుసు తొణుకుతుంది. అందుకని ఎవరింట వండినా పార్వతే తెచ్చేది. గట్టు వెంట నడిచి. పన్నెండు ఆదివారాలు, ఒక చేత్తో కేరేజీ, ఇంకో చేత్తో మంచినీళ్ళ బిందె. దారిలో ఆవిడను దాటిపోయిన బళ్ళన్నీ మమ్మల్ని ఎక్కించుకున్న బళ్ళే. మరొకరి భార్యను ఎక్కించుకుంటే మర్యాద కాదుగదా. మా సీమలో మర్యాదకు అన్ని వైపులా హద్దులున్నాయి.

జనవరి ఆఖరున రక్తపరీక్షకు వెళ్ళాను. పార్వతి తోడొచ్చింది. ఆస్పత్రి బల్ల మీద ఊరికే కూర్చుందని ఆవిడకూ పరీక్ష చేశారు. డాక్టరుగారు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశారు.

"చెల్లెమ్మగారికి దివ్యంగా ఉందండీ. కాస్త రక్తం తక్కువ, అంతే. తిండి సరిగ్గా తినడం లేదేమో. మీకు మాత్రం మొదటిసారి కంటే పెరిగిందండి. మీ సంఘం గురించి పేపర్లో చూసేను. నిజంగా నడిచిందెవరండీ?"

నేను సంఘం నియమావళి గురించి చెప్పబోయాను. ఆయన వినకుండా సూదుల పొట్లం పార్వతి చేతికిచ్చి, ఎలా పొడవాలో నేర్పారు. ఆవిడ ఇంటికొచ్చి వంకాయ మీద రెండుసార్లు సాధన చేసింది. మూడోసారి నా మీద. కళ్ళు గట్టిగా మూసుకుని, పళ్ళు కరుచుకుని కూర్చున్నాను. "అయిపోయిందండి" అంది. నొప్పి తెలియలేదు. ఆ చేతికి అంత నేర్పు ఎలా వచ్చిందా అని మొదటిసారి ఆ చెయ్యి చూశాను. కేరేజీ పిడి పట్టుకున్న చోట కాయ కాచి ఉంది. సిగ్గేసింది. గోడకున్న పేపరు ఫోటో దగ్గరికెళ్ళి చూశాను. ఆ మచ్చకు రెండు చేతులూ ఉన్నాయి, రెండింటిలోనూ బరువుంది.

ఆ ఆదివారం పొద్దున్న నాకు సూది పొడిచి, చెంగు సవరించుకుని పార్వతి అంది: "ఏవండీ, ఇవాళ నేను పలివెల దాకా నడిచొస్తాను. కేరేజీ ఉంటే ఎప్పుడూ కిందకే చూసుకు నడిచేదాన్ని, ఎక్కడ తొణుకుద్దోనని. గట్టు పక్కన ఏమున్నాయో ఒక్కసారీ చూళ్ళేదు. మీరు కాస్త అన్నం వార్చండి."

ఆవిడ ఖాళీ చేతులతో వీధి మలుపు తిరిగింది.

పావుగంటలో నాగబాబు వచ్చాడు. "అమ్మగారు ఒక్కరే నడిచెళ్ళిపోతున్నారండీ, చేతిలో ఏమీ లేదు. ఇంట్లో ఏమన్నా గొడవాండీ?" వెనకే పాలవ్యాను అబ్బులు. ఆ వెనక సుబ్బరాజుగారు, సాలమోను మాస్టారు, తాతబ్బాయి. పన్నెండు ఆదివారాలు ఆవిడ బరువులు మోసుకుంటూ నడిస్తే ఎవరికీ ఏ అనుమానమూ రాలేదు. ఖాళీ చేతులతో వెళ్ళేసరికి పదకొండుమంది పరామర్శకు వచ్చారు. సుబ్బరాజుగారు నా భుజం తట్టి, "ఆడవాళ్ళు చేతులూపుకుంటూ గట్టెక్కితే సంఘానికి అప్రతిష్ఠ కదండీ" అన్నారు. ఆ మాట తప్పని నాకు తెలుసు. అయినా తల ఊపాను.

ఇంటికి వచ్చినవాళ్ళకు కాఫీ అయినా ఇవ్వకపోతే మర్యాద కాదు. వంటింట్లోకి వెళ్ళాను. పన్నెండు వారాలుగా ఇంటివంట గొప్పతనం గురించి ఉపన్యాసాలిచ్చిన నాకు కాఫీపొడి డబ్బా ఏదో తెలియలేదు. బయటికొచ్చి గుమ్మంలో నిలబడి వీధి మలుపు వైపు చూశాను. పదకొండుమందీ అటే చూస్తున్నారు.

మీరూ రండి, అరుగు మీద చోటుంది. ఆవిడ వచ్చాక కాఫీ పెడుతుంది.