నీ కాంటే తప్పు

రాత్రంతా కురిసిన వాన తెల్లవారేసరికి తెరిపిచ్చింది. మబ్బు మాత్రం పోలేదు. తడిసిన గోనెపట్టాలా బోయిన్‌పల్లి మీద వేలాడుతూనే ఉంది. మధుసూదన్ డాబా అంచున నిలబడి, కిలోమీటరు అవతలున్న నీళ్ల ట్యాంకు వైపు చూశాడు. దాని మీద రాసిన అంకెలు కూడా తేటగా కనబడుతున్నాయి. గాలిలో దుమ్మంతా దిగిపోయింది. టార్చి వెలుగు అంతదూరం పోవడానికి ఇంతకన్నా మంచిరోజు దొరకదు.

కాలేజీ సైన్సు ల్యాబులో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైన మధుసూదన్, ఆరునెలలుగా ఒకే ఒక్క టార్చి తయారుచేస్తున్నాడు. డాబా మీది గది అందుకే. కింద దుకాణంలో ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ టోకుగా అమ్మే భార్య పుష్పమ్మకు ఆ గది మీద చాలాకాలంగా కన్నుంది. వారం కిందట ఆమె తేల్చి చెప్పేసింది.

"ఐతారం దాకా చూస్త. నీ లైటు పోయి ట్యాంకు మీద పడితే రూము నీది. పడలేదనుకో, సోమవారం పొద్దుగాల నుంచి ఎల్లిగడ్డది."

ఇవాళే ఆ ఐతారం.

గదిలో పుష్పమ్మ తమ్ముడు కిషన్ బల్ల మీద రెండు ఎల్‌ఈడీ చిప్పులు పెట్టుకుని కూర్చున్నాడు. బోయిగూడలో సెల్‌ఫోన్లు రిపేరు చేసే మనిషి. ఒక చిప్పు శనగబద్దంత ఉంది, ఇంకొకటి నువ్వుగింజంత.

"బావా, గీ పెద్దది పెట్టరాదు? డబల్ వెలుతురొస్తది."

"వస్తది. ఆడిదాక పోదు. నల్లా పైపుకు బొటనవేలు అడ్డం పెట్టి చూడు, నీళ్లు యాడిదాక కొడ్తయో. వెలుతురు సుత గంతే. చిన్న జాగల నుంచి గట్టిగ రావాలె."

"మరి పెద్దదేం చెయ్యాలె?"

"నీ పెండ్లి పందిట్ల పెట్టుకో."

నువ్వుగింజంత చిప్పును అతికించేటప్పుడు మధుసూదన్ ఊపిరి బిగబట్టాడు. అది స్టీలుగిన్నెంత అద్దపు చిప్ప నడిమధ్యన సరిగ్గా కూర్చుంది. వెంట్రుకవాసి పక్కకు జరిగినా వెలుగు వంకర పోతుంది. జరగలేదు. ఇక బ్యాటరీ ఒక్కటే మిగిలింది. ఆన్‌లైన్ ఆఫరులో కిషన్ తెప్పించిన, వేలెడంత ఆకుపచ్చ బ్యాటరీ. మీటరు పెడితే నాలుగు పాయింటు రెండు ఓల్టులు చూపించింది. నిండుకుండ అన్నమాట.

చాయ్ తెచ్చిన పుష్పమ్మ దాన్ని ఊరికే చేతిలోకి తీసుకుంది. అరచేతిలో రెండుసార్లు ఎగరేసింది.

"ఇది పొల్లు."

"ఏంది?"

"లోపల సరుకు లేదు. ఎండి గుల్లబడ్డ ఎల్లిగడ్డ గిట్లనే ఉంటది."

"మీటరు చూసినవా? నాలుగు పాయింటు రెండు!"

"మీటరు సంగతి నాకెర్క లేదు. చెయ్యి చెప్తున్నది," అని ఆమె దిగిపోయింది.

మధుసూదన్‌కు మండింది. అలాంటి బ్యాటరీ నలభై ఎనిమిది గ్రాములుండాలని కంపెనీవాళ్ల కాగితంలో చదివినవాడు. దుకాణంలోని కరెంటు కాంటాను కిషన్ చేత పైకి మోయించాడు. బ్యాటరీ పెట్టాడు. ముప్పై గ్రాములు. తీసి, పళ్లెం తుడిచి, మళ్లీ పెట్టాడు.

"ముప్పయ్యే బావా," అన్నాడు కిషన్.

మధుసూదన్ పిట్టగోడ మీదుగా వంగి, వాడంతా వినబడేలా అరిచాడు.

"పుష్పా! బ్యాటరీ మంచిగనే ఉన్నది! నీ కాంటే తప్పు!"

కింద తోపుడుబండి మీదికి ఉల్లిగడ్డ ఎత్తుకుంటున్న సుకన్య అక్కడే ఆగిపోయింది. తొమ్మిదేళ్లుగా పుష్పమ్మ దగ్గరే సరుకు తీసుకుంటున్న మనిషి. సంచి వైపు ఒకసారి, డాబా వైపు ఒకసారి చూసి, బండి తోసుకుపోయింది. సందు మలుపులో అన్నది.

"పుష్పమ్మక్క కాంటా తప్పంట. ఇంటాయనే మొత్తుకుంటున్నడు."

చాయ్ బండి దగ్గరికి చేరేసరికి ఆ తప్పు కిలోకు యాభై గ్రాములైంది. మార్కెట్ గేటు దాకా పోయేసరికి రెండొందలైంది. పది గంటలకు పదకొండుమంది తోపుడుబండ్ల వాళ్లు సంచులతో దుకాణం ముందు నిలబడ్డారు. తూకాల ఆఫీసరు బయల్దేరాడని కూడా ఎవరో అన్నారు. ఎవరు చూశారో ఎవరికీ తెలియదు.

"అందరి సంచులు మళ్ల తూస్త, రాండ్రి!" అంది పుష్పమ్మ. "ఒరేయ్ కిషన్, కాంటా కిందికి తే. జాగ లేదు, ఎల్లిగడ్డ సంచులు తియ్యి."

"యాడ పెట్టాలక్కా?"

"యాడన్న పెట్టు! నా కండ్ల ముందర వద్దు!"

కిషన్ సంచి వెనక సంచి భుజానికెత్తుకుని మెట్లెక్కాడు. పుష్పమ్మ తూచింది. మొదటి సంచి సరిపోయింది. రెండోదీ సరిపోయింది. అప్పుడు సుకన్య నెమ్మదిగా అడిగింది.

"తప్పు కాంటా మీద తూస్తే తప్పు సుత సరిగనే కనవడ్తది గదక్కా?"

పుష్పమ్మ మూడో సంచి ఎత్తబోయి ఆగింది. కాంటా వెంటే కిందికి దిగిన మధుసూదన్ అది చూశాడు. ఆమె చెయ్యి కాంటా పళ్లెం మీద ఉంది, జ్వరమొచ్చిన పిల్ల నుదుటి మీద పెట్టినట్టు.

సరిగ్గా అప్పుడే సామ్యూల్ వచ్చాడు. రైల్వేలో గార్డుగా చేసి దిగిపోయి, ఆ ట్యాంకు పక్కనే ఇల్లు కట్టుకున్నాడు. సాయంత్రం వెలుగు తన డాబాకు చేరిందో లేదో పాత చేతిదీపంతో చెబుతానని ఒప్పుకున్న పెద్దమనిషి. సంగతంతా విని గడ్డం గోక్కున్నాడు.

"ఏముందండీ మధుసూదన్ గారూ. తప్పు కాంటాదా, బ్యాటరీదా? కోసి చూడండి. తేలిపోతుంది."

కోస్తే సాయంత్రానికి బ్యాటరీ ఉండదు. బ్యాటరీ లేకపోతే గది ఉండదు. అయినా మధుసూదన్ ఇనుము కోసే రంపం తెచ్చాడు. ఏ మంట లేస్తుందోనని సామ్యూల్ ఇసుక బకెట్టు పట్టుకుని నిలబడ్డాడు. పదకొండుమంది రెండడుగులు వెనక్కి జరిగారు.

మంటేమీ లేవలేదు. తెల్లటి పొడి జారి కాంటా పళ్లెంలో పడింది. దాని నడుమ చిటికెనవేలి గోరంత బ్యాటరీ ముక్క ఒకటి; మీటరుకు నాలుగు పాయింటు రెండు చూపించింది అదే. మిగిలిందంతా పొడే.

"ఓయమ్మో, పిండి పోసిండ్రు!" అంది సుకన్య.

మధుసూదన్ పొద్దున అరిచినంత గట్టిగానే అరిచాడు. "కాంటా సరిగనే ఉన్నది! బ్యాటరే పొల్లు! తప్పు నాది!"

అందరూ విరగబడి నవ్వారు. సుకన్య నవ్వలేదు. "అక్కా, రెండు కిలోల ఎల్లిగడ్డ సుత వెయ్యి," అంది. అదే ఆమె క్షమాపణ.

"ఆఫర్ల వచ్చింది బావా..." అని కిషన్ గొణిగాడు. ఎవరూ పట్టించుకోలేదు.

మధ్యాహ్నమంతా మధుసూదన్ మెట్ల మీదే కూర్చున్నాడు. పుష్పమ్మ దుకాణం తలుపు దగ్గరికి వేసి, కాంటాను బోర్లించి, నాలుగు మరలు విప్పింది. సబ్బుబిళ్లంత నల్లటి బ్యాటరీ ఒకటి బయటికి తీసి, అరచేతిలో రెండుసార్లు ఎగరేసింది.

"ఇది గట్టిది. పనికొస్తదేమో చూడు."

మధుసూదన్ దాని మీది అక్షరాలు చదివాడు. నాలుగు ఓల్టులు! చిప్పుకు కావలసింది అచ్చంగా అంతే. రెండేసి మెట్లు దూకుతూ పైకి పరుగెత్తాడు. గదిలోంచి టార్చి, వైర్లు, అతికించే కడ్డీ తెచ్చుకోవడానికి దేని మీదో ఎక్కి, దేని మీదనుంచో పాకాడు. తిరిగి వచ్చేటప్పుడు జుట్టునిండా ఎల్లిగడ్డ పొట్టుంది. ఆ ఆత్రంలో అదేమిటని ఆయన ఆలోచించనేలేదు.

ఏడు గంటలకు చీకటి చిక్కబడింది. మధుసూదన్ మీట నొక్కాడు.

తెల్లటి వెలుగు కర్రలా సూటిగా లేచింది. ఇళ్ల మీదుగా, తడితీగల మీదుగా దూసుకుపోయి ట్యాంకుకు తగిలింది. చీకట్లో ట్యాంకు ఒక్కసారిగా పున్నమి చంద్రుడిలా తేలింది. దాని మీది అంకెలు వెలిగాయి. నిద్రపోతున్న పావురాలు గుంపుగా లేచాయి. దాని పక్క డాబా మీద పచ్చటి దీపమొకటి అటూ ఇటూ ఊగింది, బండి కదలొచ్చన్నట్టు.

"పడ్డది బావా! పడ్డది!" కిషన్ ఈలలు వేశాడు.

పుష్పమ్మ చాలాసేపు ట్యాంకు వైపే చూసింది. "పడ్డది," అంది చివరికి. "మాటంటే మాటే. రూము నీది."

మధుసూదన్ పొంగిపోయి గది తలుపు పూర్తిగా తీశాడు. నేల నుంచి కప్పు దాకా ఎల్లిగడ్డ సంచులు. లెక్కబెడితే ముప్పై రెండు. కిషన్ అప్పటికే నడుము పట్టుకుని గోడకు ఆనుకున్నాడు.

కింద వేడన్నం, పచ్చిపులుసు, ఎల్లిగడ్డ కారం సిద్ధంగా ఉన్నాయి. మూల ప్లగ్గులో కాంటా బ్యాటరీ చార్జింగు అవుతోంది. ముగ్గురూ తలలు వంచుకుని తిన్నారు. సంచులు ఎవరు దించాలన్న మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు.