మార్కేసా కళ్ళు మూసుకున్న రోజు

ఆ శనివారం పొద్దున ఎదెల్బెర్తో అనుకున్న పనులు మరీ పెద్దవేం కావు. పెళ్ళివారి చెవిపోగులకు చివరి వెండితీగ అతికించాలి, గడ్డం గీసుకోవాలి, చిలకకు మందు పట్టాలి. మర్నాడు అమ్మ బారంకీయా పట్నం నుంచి దిగేలోగా ఆ చిలక మళ్ళీ చిలకలా కనిపించేట్టు చెయ్యాలి. చివరిది మాత్రం అతని చేతుల్లో లేదు.

అమ్మ దోన్యా నికోలాసా కంటి ఆపరేషన్‌కు వెళ్తూ గడప దగ్గర ఆగి మరీ చెప్పింది. "మీ నాన్న దగ్గు ఇంకా వినబడుతోందంటే ఈ మార్కేసా గొంతులోనేరా. దీనికేమన్నా అయితే ఆయన రెండోసారి పోయినట్టే. గుర్తుంచుకో."

చిలక మార్కేసాకు అందరి గొంతులూ వచ్చు. పోయినాయన దగ్గు, ఉన్నావిడ తిట్లు, సందులో రొట్టెలమ్మేవాడి కేక, అన్నీ పలికేది. ఆవిడ వెళ్ళిన మర్నాటి నుంచి నోరు మూసేసింది. తరవాత రెక్కలో ఈకలు పీక్కోవడం మొదలుపెట్టి, రొమ్ము దాకా వచ్చి, ఈకలు అయిపోయాక చర్మాన్నే కొరుక్కుంది. ఎదెల్బెర్తో వెండిపనిలో ఊళ్ళో పేరున్నవాడు. దాని ముక్కు ఒంటికి అందకుండా వెండితీగతో అల్లిక పట్టీ చేసి మెడకు తొడిగాడు. మధ్యాహ్నానికి అది ఆ తీగంతా విప్పి పంజరం అడుగున చుట్టగా పెట్టింది.

ఇక లాభం లేదని ఆ శనివారం పొద్దున్నే పశువుల డాక్టరు అరీస్తిదెస్‌ను పెరటి గుమ్మంలోంచి రప్పించాడు. ఆయన రొమ్ముమీది పుండు చూసి నుదురు రుద్దుకున్నాడు.

"ఆవయితే సూదిమందు వేసి చక్కా పోయేవాణ్ణి. ఇది బెంగలా ఉందయ్యా. అద్దంలో తన మొహం చూసుకుని రెచ్చిపోతున్నట్టుంది, ఆ అద్దం కప్పెయ్యి. కిటికీలు మూసి చీకటి చెయ్యి. వెచ్చగా ఉంచు."

"బతుకుతుందా డాక్టరుగారూ?"

"రేపు పొద్దున అడుగు."

కరెంటు లేదు కాబట్టి వెచ్చదనానికి ఎదెల్బెర్తో కొవ్వొత్తులు కొన్నాడు. పుండుకు తెల్లగుడ్డ కొన్నాడు. పంజరం మీద అమ్మ నల్లశాలువా కప్పాడు. వాళ్ళ ఊరు మొంపోస్‌లో జనం పొద్దున్నే కిటికీలు బార్లా తీసి, ఎండ తగ్గగానే ఊగుడుకుర్చీలు వాకిట్లో వేసుకుంటారు. కిటికీలు మూసి, అద్దం కప్పి, లోపల కొవ్వొత్తులు వెలుగుతున్న ఇల్లంటే ఊరందరికీ ఒకటే అర్థం, లోపల ఎవరో పోయారనో, పోబోతున్నారనో. బుర్రనిండా చిలకే ఉన్నవాడికి ఆ సంగతి తట్టలేదు.

ఎదురింటి ఉబల్దీనాకు మాత్రం వెంటనే తట్టింది. ఆవిడ వీధి దాటి కిటికీకి చెవి ఆనించిన క్షణంలోనే, ఇన్నాళ్ళూ నోరెత్తని మార్కేసా చీకట్లో నీరసంగా దోన్యా నికోలాసా గొంతుతో మూలిగింది.

"నా ప్రాణం తీస్తున్నావు కదరా ఎదెల్బెర్తో!"

ఉబల్దీనా తలుపు దబదబా బాదింది. "బాబూ! అమ్మ వచ్చేసిందా?"

చిలక సంగతి ఈవిడకు తెలిస్తే అరగంటలో బారంకీయాకు ఫోన్ వెళ్తుందని ఎదెల్బెర్తోకు తెలుసు. తలుపు జానెడు తీసి అడ్డంగా నిలబడ్డాడు.

"లేదక్కా. లోపల ఎవరూ లేరు."

"గొంతు వినబడిందిగా?"

"నాదే."

"నీ చేతికి ఆ రక్తమేంట్రా?"

"టమాటా కోస్తున్నా."

ఆవిడ అతని ముఖంలోకి చూసింది. గడ్డం మాసి, కళ్ళు గుంటలు పడి, చూడగానే జాలేసేట్టున్నాడు. పాపం, ఆపరేషన్ వికటించి తల్లిని గుట్టుగా ఇంటికి తెచ్చుకున్నాడు, నలుగురికీ చెప్పుకోలేకపోతున్నాడు అనుకుంది. ఇక ఏమీ అడగలేదు. ఇంటికెళ్ళి కాఫీకి పెద్ద గిన్నె పెట్టింది.

మధ్యాహ్నం దాటాక మార్కేసా తలను అతని అరచేతిలో వాల్చి, కొరుక్కోవడం ఆపి, నిద్రపోయింది. ఇన్ని రోజుల్లో అలా పడుకోవడం ఇదే మొదలు. దాన్ని మెల్లగా పంజరంలో పెట్టి, శాలువా సర్ది, గాలి పీల్చుకుందామని వాకిట్లోకొచ్చిన ఎదెల్బెర్తోకు తెలియకుండానే కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి.

"ఎలా ఉంది బాబూ?" అంది ఉబల్దీనా ఎదుటి అరుగు మీంచి.

దాచే ఓపిక కూడా అయిపోయిందతనికి. "ఇప్పుడే కళ్ళు మూసుకుందక్కా. ఇక ఆ బాధ లేదు."

లోపలికెళ్ళి కుర్చీలో కూలబడి, పడ్డవాడు పడ్డట్టే నిద్రపోయాడు.

మెలకువ వచ్చేసరికి గదినిండా నల్లబట్టల మనుషులు. దోన్యా నికోలాసా ఇచ్చి ఉంచిన తాళంచెవితో ఉబల్దీనా తలుపు తీసి వీధంతటినీ పిలిచేసింది. ఆడవాళ్ళు జపమాల తిప్పుతున్నారు. ఫాదర్ అన్సెల్మో అతని భుజం మీద చెయ్యి వేశాడు.

"ధైర్యం తెచ్చుకో నాయనా. వెళ్ళిపోయింది."

ఎదెల్బెర్తోకు తట్టింది చిలక ఒక్కటే. తాను పడుకున్న కాసేపట్లోనే మార్కేసా పోయింది! ఊరంతా వచ్చేసింది, తనకే తెలీలేదు! రెండు చేతుల్లో మొహం దాచుకుని బావురుమన్నాడు.

"నేనే చంపాను ఫాదర్! ఒంటరిగా వదిలేసి పనిలో కూర్చున్నాను. ఒంటిమీద ఒక్కటి లేకుండా అన్నీ పీకేసుకుంది. చర్మం కూడా కొరుక్కుంది!"

జపమాలలు ఆగిపోయాయి. "జగన్మాతా!" అంది వెనకెవరో. ఉబల్దీనా బల్ల పట్టుకుని నిలదొక్కుకుంది.

ఫాదర్ గొంతు సవరించుకున్నాడు. "ఎక్కడ పడుకోబెట్టావు?"

"పంజరంలో."

ఫాదర్ శిలువ గుర్తు వేసుకున్నాడు. అంతలో దోన్యా నికోలాసా గొంతు ఖంగుమంది.

"ఎవరు పోయార్రా?"

ఎదెల్బెర్తో ఒక్క గెంతు గెంతాడు. "బతికే ఉంది! మాట్లాడింది! విన్నారా?" అంటూ పంజరం మీదికి ఉరికి శాలువా లాగేశాడు. మిగతావాళ్ళెవరూ అటు చూడటంలేదు. గుమ్మంలో నల్లకళ్ళద్దాలతో, చేతిలో సంచితో, ఒకరోజు ముందే బయల్దేరి వచ్చిన దోన్యా నికోలాసా నిలబడి ఉంది. ఉబల్దీనా "పిశాచం!" అని కెవ్వుమని ఫాదర్ వెనక్కి దూరింది.

"పిశాచం నీ మొగుడు," అంది ఆవిడ. "నా ఇంట్లో చచ్చిందెవరో చెప్పండి ముందు."

"నువ్వేనమ్మా," అన్నాడు గుమ్మం పక్కనున్న మంగలి, వినయంగా.

ఇక దాచడానికేమీ మిగల్లేదు. ఎదెల్బెర్తో పక్కకు తప్పుకుని, ఈకల్లేని ఆ ఎర్రటి ముద్దను తల్లికి చూపించాడు. "నావల్ల కాలేదమ్మా. అన్నీ చేశాను. నన్నేమన్నా అను."

ఆవిడ కళ్ళద్దాలు తీసింది. అతను తిట్లకోసం తల వంచుకున్నాడు. తిట్లు రాలేదు. తల ఎత్తి చూస్తే మార్కేసా పంజరంలో కర్రచివరికి జరిగి, ఇంతమందినీ ఒక్కొక్కరినే మెడ తిప్పి చూస్తోంది. పంజరం పక్కనున్న ఒకావిడ చేతిలోంచి కాఫీలో ముంచిన బిస్కెట్టు లాక్కుని గబగబా తింది. తిని, పోయినాయన దగ్గు రెండుసార్లు దగ్గింది. పుండువైపు వంగనే లేదు.

దాన్ని ఒంటరిగా వదిలేసింది తామిద్దరేనని తోచి, తల్లీకొడుకులు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోలేకపోయారు.

మూలనున్న అరీస్తిదెస్ డాక్టరు టోపీ చేతిలో తిప్పాడు. "చీకట్లో ఉంచమన్నది నేనే, తప్పయింది. దీనికి కావలసింది మందు కాదు, జనం."

వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే చల్లగా జారుకోబోయారు. దోన్యా నికోలాసా సంచి అడ్డంపెట్టి గుమ్మం మూసేసింది.

"ఎక్కడికి? నేను పోతే తొమ్మిది సాయంత్రాలు ప్రార్థనకు వచ్చేవాళ్ళా, కాదా?"

"వచ్చేవాళ్ళమే," అని గొణిగింది ఉబల్దీనా.

"అయితే రండి. దానికి ఈకలు మొలవాలి."

తొమ్మిది సాయంత్రాలూ అందరూ తప్పకుండా వచ్చారు. పోయిన మనిషే స్వయంగా కలిపి ఇస్తున్న కాఫీ కావడంతో, చక్కెర తక్కువైందని అనే ధైర్యం ఎవరికీ లేకపోయింది.