నేరాలు లేని వందో రోజు

ఊళ్లో నేరాలు ఆగిపోయాయని ప్రభుత్వం ఒక శుక్రవారం ఉదయం పదకొండు గంటలకు ప్రకటించింది. పదిన్నర వరకు జరిగిన వాటికి ఈ ప్రకటన వర్తించదని కూడా అందులోనే స్పష్టం చేసింది.

పైవీధి ముఠాకీ కిందివీధి ముఠాకీ మధ్య శాంతి ఒప్పందం కుదిరింది. మధ్యవర్తి ప్రభుత్వమే. ఇకపై కొట్టుకోబోమని, దోచుకోబోమని ముఠాలు రెండూ చెరో మాట ఇచ్చాయి. అందుకు బదులుగా ప్రభుత్వం పద్నాలుగు మాటలు ఇచ్చింది. ముఠా నాయకులిద్దరూ శాంతి సలహాదారులయ్యారు. ఇద్దరికీ చెరో గది, తిరిగే కుర్చీ, బల్ల మీద గంట వచ్చాయి. పైవీధి నాయకుణ్ణి ఊరంతా పెద్దన్న అంటుంది, కిందివీధి నాయకుణ్ణి మామయ్య అంటుంది. వాళ్లు ఎవరికీ ఏమీ కారు. అది భయం కలిపిన చుట్టరికం.

ప్రతిపక్షం ఈ ఒప్పందాన్ని తీవ్రంగా ఖండించింది. నేరగాళ్ల ముందు ప్రభుత్వం మోకరిల్లిందని ఉదయం చెప్పింది. తమ వైపున్న తూర్పువీధి ముఠాను ఒప్పందంలోకి పిలవకపోవడం పక్షపాతమని సాయంత్రం చెప్పింది.

శాంతి కనిపించాలి కాబట్టి పోలీస్ స్టేషన్ గుమ్మం పక్కన ఒక నల్లబోర్డు పెట్టారు. దాని మీద 'నేరాలు లేని' అనీ, 'రోజు' అనీ పెయింటుతో రాసి, మధ్యలో అంకెకు చోటు వదిలారు. రోజూ పొద్దున్నే తడిగుడ్డతో పాత అంకె తుడిచి, సుద్దముక్కతో కొత్త అంకె వేసే బాధ్యత రైటరుది. రైటరంటే స్టేషన్‌లో ఫిర్యాదులు రాసుకునే ఉద్యోగి. ఇరవై ఏళ్లుగా రాసి రాసి ఆయన వేలి మీద కాయ కాసింది. ఇప్పుడు రిజిస్టర్లో రోజుకొక్క సున్నా రాస్తే చాలు. చెయ్యి మరిచిపోతుందేమోనని ఆయన ఆ సున్నానే శ్రద్ధగా, గుండ్రంగా, లోపల గీతలు పెట్టి దిద్దేవాడు.

"నీ సున్నా చూస్తే మనసుకి హాయిగా ఉంటుందయ్యా," అని ఇన్‌స్పెక్టరు మెచ్చుకున్నాడు కూడా.

ఫిర్యాదులతో వచ్చేవాళ్లు అసలు లేరని కాదు. వాళ్ల కోసం పైనుంచి రెండు కొత్త పుస్తకాలు వచ్చాయి. ఒకదాని మీద 'పోయినట్టు అనిపించిన వస్తువులు' అని, రెండోదాని మీద 'వాళ్లంతట వాళ్లే జారిపడినవారు' అని అచ్చు వేసి ఉంది. ఒకే మనిషి నలుగురి చేతుల మీదుగా జారిపడితే ఏ గడిలో రాయాలో మాత్రం చెప్పలేదు. రైటరు తన తెలివితో సర్దుకుపోతున్నాడు.

ఇలా శాంతి రోజురోజుకీ లావెక్కుతుండగా తొంభై నాలుగో రోజు మధ్యాహ్నం రైటరు భోజనానికి ఇంటికి వెళ్లాడు. భార్య గుమ్మంలో కూర్చుని ఉంది. మెడలో కొలతల టేపు వేలాడుతోంది. లోపల గచ్చు మీద కత్తిరించిన స్కూలు యూనిఫారాల గుడ్డలు నలభై జతలు పరిచి ఉన్నాయి.

"మెషిన్ పోయింది," అంది.

"సరిగ్గా వెతికావా?"

"పోయింది కుట్టుమెషినండీ, సూది కాదు!"

రైటరు చెప్పులు విప్పకుండానే లోపలికి వెళ్లి చూశాడు. కిటికీ పక్కన మెషిన్ ఉండే చోట నాలుగు కాళ్ల గుర్తులు, కాస్త దుమ్ము. అది ఆమె తల్లి వాడి ఇచ్చిన మెషిన్. సొరుగుకి పిడి ఊడిపోతే ఆమే ఒక పాత కోటు గుండీ, నీలంది, తీగతో బిగించింది. ఎనిమిది రోజుల్లో, సోమవారం, బడి తెరుస్తారు. ఆలోపు నలభై జతలూ ఇవ్వకపోతే హెడ్‌మిస్ట్రెస్ ఆ పని ఇంకొకరికి అప్పజెబుతుంది. మళ్లీ అడుగుతుందన్న ఆశ లేదు.

"నీళ్లకని పెరట్లోకి వెళ్లొచ్చేసరికి లేదు. ముందు ఫిర్యాదు రాసుకోండి."

రైటరు గొంతు సవరించుకున్నాడు. "ఒక్క ఆరు రోజులు ఆగితే..."

"ఆరు రోజుల్లో అదే నడుచుకుంటూ వస్తుందా?"

"అది కాదే. వందో రోజున మంత్రిగారు వస్తున్నారు. ఇప్పుడు రాశామంటే బోర్డు మీద తొంభై నాలుగు కాస్తా సున్నా అయిపోతుంది. ఒప్పందం తెగుతుంది. ప్రభుత్వమే పడిపోతుంది."

"ఏమిటీ? ప్రభుత్వం ఇన్నాళ్లూ నా మెషిన్ మీదా నిలబడింది?"

రైటరు అన్నం తినకుండానే బయల్దేరాడు. స్టేషన్‌కి వెళ్లి ఇన్‌స్పెక్టరు చెవిన వేశాడు. ఇన్‌స్పెక్టరు ఫైలు మీంచి తల ఎత్తలేదు.

"దొంగతనమా? ఎవరు చేస్తారయ్యా? దొంగలందరూ మనతోనే ఉన్నారుగా! 'అనిపించిన వస్తువుల్లో' రాసెయ్."

రాశాడు. సొంత భార్యకు మెషిన్ పోయినట్టు అనిపించిందని సొంత చేత్తో రాసి, కింద ఆ రోజు సున్నా దిద్దాడు. ఆ రోజు సున్నా కొంచెం కోలగా వచ్చింది.

భార్య మాత్రం ఊరుకోలేదు. మర్నాడు నేరుగా శాంతి సలహాదారుల ఆఫీసుకి వెళ్లింది. పెద్దన్న గంట కొట్టి టీ తెప్పించాడు. ఆమె విషయం చెప్పగానే ఆయన మొహం చిన్నబోయింది.

"ఒట్టమ్మా, మా వాళ్లు మాట తప్పరు. తొంభై అయిదు రోజులుగా చేతులు కట్టుకుని కూర్చుని ఒక్కొక్కడికీ పొట్టలు వచ్చాయి."

పక్క గదిలోంచి మామయ్య వచ్చి, గడ్డం గోక్కుంటూ అనుభవంతో నాలుగు ప్రశ్నలు వేశాడు.

"పట్టపగలా? వీధిలో వాళ్లెవరూ ఆపలేదా? గిన్నెలు, గడియారం అన్నీ ఉన్నాయా? అయితే ఇది మా పని కాదమ్మా. మేమైతే గడియారం వదలం. ఇదేదో ఆఫీసు పనిలా ఉంది."

ఇంటికొచ్చి ఆమె చేత్తో కుట్టడం మొదలుపెట్టింది. రైటరు దారం ఎక్కించి ఇస్తూ పక్కన కూర్చున్నాడు. తొంభై తొమ్మిదో రోజుకి పదకొండు జతలు అయ్యాయి, ఆమె వేళ్లు నాలుగు కందిపోయాయి.

వందో రోజు శనివారం. బడి మైదానంలో షామియానా వేశారు. స్టేషన్ నుంచి నల్లబోర్డును మోసుకొచ్చి వేదిక మీద నిలబెట్టారు. దాని పక్కన రైటరు, చేతిలో కొత్త సుద్దముక్క. సైగ అందగానే వంద వేయాలి. భార్య ముందు వరసలో కూర్చుంది.

"ప్రియమైన ప్రజలారా!" అన్నాడు మంత్రి. "గత ప్రభుత్వాలు నేరాన్ని అణచాలని చూశాయి. మేము దాన్ని గౌరవించి పంపించాం! ఈ రోజు నుంచి కత్తి వదిలిన ప్రతి చేతికీ కుట్టుమెషిన్! నేరం మానుకున్న వెయ్యిమందికి వెయ్యి మెషిన్లు!"

మెషిన్ల మంజూరు కాగితం వచ్చింది గానీ మెషిన్లు ఇంకా రాలేదు. అయినా వేదిక మీద ఒకటి ఉంది, ఎర్రగుడ్డ కప్పి. మంత్రి చప్పట్ల మధ్య గుడ్డ లాగాడు.

సొరుగుకి నీలం గుండీ.

రైటరు చేతిలో సుద్ద రెండు ముక్కలైంది. పక్కనే ఉన్న ఇన్‌స్పెక్టరు ఆయన చెవిలో గుసగుసగా అన్నాడు.

"ఏమనుకోకయ్యా. వేదిక మీదకి ఒక్క మెషిన్ సర్దమని పైనుంచి ఒకటే గొడవ. ఇంకెవరింట్లో తీసినా ఫిర్యాదు రాయమంటారు. రాసేవాడి ఇల్లయితే ఆ బెంగ లేదని జీపు పంపాను."

ఈలోగా రైటరు భార్య లేచి, మెట్లెక్కి, మెషిన్ మీద చెయ్యి వేసింది. "ఇది నాది," అంది. మైకు అక్కడే ఉంది. మైదానమంతా వినిపించింది.

ఇన్‌స్పెక్టరు కళ్లు మూసుకున్నాడు. మంత్రి మాత్రం ఊరికే మంత్రి కాలేదు.

"చూశారా!" అని మైకు అందుకున్నాడు. "ప్రజలు తమదిగా భావించే పథకం అంటే ఇదీ!"

చప్పట్లు మోగిపోయాయి. దరఖాస్తు ఫారం పరుగున వచ్చింది. మెషిన్ నేరం మానుకున్నవారికే ఇవ్వాలి కాబట్టి, ఏ నేరం మానుకున్నదీ రాసి సంతకం పెట్టాలన్నారు.

"పెడితే ఇప్పుడే ఇంటికి తీసుకెళ్లొచ్చా?" అందామె.

"ప్రభుత్వ జీపులోనే దింపుతాం తల్లీ. దానికి దారి కూడా తెలుసు," అన్నాడు ఇన్‌స్పెక్టరు, కొండంత బరువు దిగిన మొహంతో.

ఆమె ఫారాన్ని భర్త చేతికిచ్చింది. "రాసుకోండి. మా ఆయన రోజూ సున్నాలు రాస్తుంటే తొంభై మూడు రోజులు చూస్తూ ఊరుకున్నాను. మా ఇంటిదాకా వస్తే గానీ నోరు విప్పలేదు. అదీ నా నేరం. మానేశాను."

రైటరు రాశాడు. నూరు రోజుల తర్వాత ఆయన పూర్తిగా రాసిన మొదటి ఫిర్యాదు అదే. అందులో ఒక్క కొట్టివేత కూడా లేదు. తర్వాత బోర్డు మీద వంద వేశాడు. అందులో సున్నాలు రెండూ పరమ వికారంగా వచ్చాయి.

ఆదివారం భోజనం మాటే మరిచి కుట్టడంతో సోమవారానికి నలభై జతలూ బడికి చేరాయి. ఆ రోజే ప్రతిపక్షం ఊరేగింపు తీసింది. అసలైన నేరగాళ్ల నోటి దగ్గరి మెషిన్‌ను నకిలీ నేరస్తురాలికి కట్టబెట్టారని, దీనిపై విచారణ జరగాలని నినాదాలు చేసింది. ఆమె ముమ్మాటికీ అసలైన నేరస్తురాలేనని, సంతకంతో సహా ఆధారం ఉందని ప్రభుత్వం దీటుగా బదులిచ్చింది.

మంగళవారం పొద్దున్న రైటరు అంకె మార్చడానికి వచ్చేసరికి స్టేషన్ ముందు మెషిన్ ఫారాల కోసం వరస వీధి మలుపు దాటింది. అందరికంటే ముందు రిటైరైన లెక్కల మాస్టారు.

"జీవితంలో చీమకైనా హాని చేయలేదు నాయనా," అన్నాడాయన. "అయినా మానేస్తాను, రాసుకో."

మీరు ఇంకా వరసలో నిలబడకపోతే త్వరపడటం మంచిది, ఫారాలు అయిపోవస్తున్నాయి. నేరం గడి ఖాళీగా వదిలితే దరఖాస్తు చెల్లదు. ఏం రాయాలో తోచకపోతే 'చూస్తూ ఊరుకున్నాను' అని రైటరు భార్య రాయించిన మాటలే రాయండి. ఇంతవరకూ అవి సరిపోని మనిషి ఒక్కరూ రాలేదట.