గాలిగొట్టంలో కొబ్బరినూనె

జిల్లా గొట్టాల పర్యవేక్షణ కార్యాలయం వారి జీపు గాలిగొట్టంలో పేరుకున్న జిడ్డు ఇంజనాయిలు కాదనీ, డ్రైవరు తాతబ్బాయి తలకి రాసుకునే కొబ్బరినూనె అనీ, అదీ అతని ఊపిరితిత్తుల మీదుగా వచ్చి చేరిందనీ మంగళవారం పన్నెండున్నరకల్లా తేలిపోయింది. ఆశ్చర్యపోయినవాళ్ళు ఒక్కరూ లేరు. అనుమానపడ్డవాళ్ళు మాత్రం ఆఫీసు నిండా ఉన్నారు.

తేల్చినవాడు మెకానిక్ జిలానీ. ఫిల్టరు నుంచి ఇంజనుకి గాలి తీసుకెళ్ళే రబ్బరు గొట్టం ఊడదీసి, లోపల వేలు తిప్పి, వాసన చూసి మొహం చిట్లించాడు. పాత బళ్ళల్లో ఆ గొట్టానికి కాస్త జిడ్డు పట్టడం మామూలే. మరీ ఎక్కువైతే పిస్టన్ రింగులు అరిగాయేమో చూడాలి. దానికో పద్ధతుంది. ఇంజను నడుస్తుండగా ఆయిలు పోసే మూత విప్పి అక్కడే వదులుగా బోర్లిస్తారు. రింగులు పోయుంటే లోపలి గాలి తన్ని మూత ఎగురుతుంది. జీపు మీద ఎగరలేదు. జిలానీకి నమ్మకం కుదరక మూత తుడిచి తన నోటి మీద పెట్టుకుని ఊపిరి వదిలాడు. కదల్లేదు. తాతబ్బాయి నోటి మీద పెట్టాడు. ఎగిరి బానెట్ మీద పడింది.

"అరిగింది బండి కాదు బాబాయ్, నువ్వే," అన్నాడు.

సరిగ్గా అప్పుడే తాతబ్బాయి పర్మినెంటు ఫైలు సూపరింటెండెంటు విమలాదేవి బల్ల మీదుంది. పందొమ్మిదేళ్ళుగా అదే జీపు నడుపుతున్నాడు. మూడేళ్ళుగా దగ్గు. ఆస్పత్రికెళ్తానంటే, "వెళ్ళు, రేపట్నుంచి ఇంకొకణ్ణి చూసుకుంటాం," అనేవారు. పర్మినెంటైతే జబ్బు సెలవొస్తుంది. పాపం, అతని ఆశంతా అదే.

విమలాదేవి కళ్ళద్దాల పైనుంచి చూసింది. "ఏమయ్యా, కావాలనే పూశావా? ప్రభుత్వ ఆస్తికి అంటుకుపోతే ఎవడూ పీకలేడనా?"

"నా తల మీద ఒట్టండి!"

"ఆ తల మాటెత్తకు. అది సాక్ష్యం."

విచారణ మొదలైంది. తాతబ్బాయి దువ్వెన కవర్లో పెట్టి సీలు వేశారు. నూనె సీసా బీరువాలోకి వెళ్ళింది. గొట్టం డీజిలుతో కడిగి బిగించారు. పదిరోజులు తలకి నూనె రాయకూడదన్నారు. రోజూ పదింటికి అటెండరు అతని తల వాసన చూసి రిజిస్టర్లో "లేదు" అని రాసేవాడు. జుట్టు కొబ్బరిపీచులా తయారైంది. తాతబ్బాయికీ అనుమానాలున్నాయి. ఈ ఆఫీసులో ఎవర్ని నమ్మమంటారు? తన ఫైలు తొక్కెయ్యడానికి ఎవరో గొట్టంలో నూనె పోస్తున్నారని అన్నం కూడా బానెట్ మీదే తింటూ కాపలా కాశాడు.

పదకొండో రోజు ముగ్గురు సాక్షుల ముందు గొట్టం విప్పారు. చెంచాడు తాజా కొబ్బరినూనె, అందులో రెండు నెరిసిన వెంట్రుకలు.

ఇక చర్చించడానికేముంది? నూనె దేని గుండా ప్రవహిస్తే అది ఇంజను భాగమని నియమావళిలో స్పష్టంగా ఉంది. భాగాల్ని బిగిస్తారు గానీ పర్మినెంటు చెయ్యరు. విమలాదేవి ఫైలు మూసేసింది.

"నేను మనిషినే కదండీ?" అన్నాడు తాతబ్బాయి.

"కాదని నేనెందుకంటాను? కాగితం చూపించు."

అతని దగ్గరున్నది ఒకటే, పందొమ్మిదేళ్ళ కిందటి సరఫరా పత్రం. మడతలు చిరగకుండా విప్పి బల్ల మీద పెట్టాడు. ఆవిడ వేలు పెట్టి చదివింది: "జీపు, డ్రైవరుతో సహా. సంఖ్య: ఒకటి."

"నేనూ బండీ కలిపి రెండండీ."

"ఒకటనే ఉంది. కింద సంతకం నీదేగా?"

అతనిదే. తాతబ్బాయికి ఏడుపొచ్చింది, దాని వెనకే దగ్గొచ్చింది.

ఆ దగ్గు విని విమలాదేవి కంగారుపడింది. భాగం చెడిపోతే బాధ్యత ఆవిడది. పందొమ్మిదేళ్ళలో మొదటిసారి అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి, మంచినీళ్ళు తెప్పించి, "ఎన్నాళ్ళనుంచి?" అని అడిగింది. తనే పెద్దాసుపత్రికి ఫోన్ చేసింది. అర్జంటు మరమ్మతు కింద ఆ పూటే పంపించింది. తోడుగా జిలానీని పంపింది.

డాక్టరు గుండె మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నాడు. వీపు మీద పెట్టి విన్నాడు. కోపమొచ్చింది ఆయనకి.

"ఇంత ముదిరేదాకా ఏం చేస్తున్నావయ్యా? ముందే రావద్దూ?"

"అప్పుడు మనిషినండి," అన్నాడు తాతబ్బాయి. "సెలవు దొరకలేదు."