నడిగోదారిలో పోకర్ బల్ల

ఇంటర్నెట్‌లో పోకర్ ఆడటం జూదం కాదండీ, విద్య! నమ్మనివాళ్లు యానాం దగ్గర గోదావరి పాయలో పల్లంరాజు పడవ ఎక్కి చూడాలి.

పూర్వం పేకాటంటే ఎంత యాతన! సరుగుడు తోటలోకి నడవాలి, చాప పరవాలి, పోలీసులొస్తున్నారేమో చూడ్డానికి ఒకణ్ణి గట్టు మీద కూచోబెట్టాలి. ఇంతా చేసి ఓడితే, గెలిచినవాడి మొహం మర్నాడు టీ కొట్టు దగ్గర చూడాలి. ఇప్పుడా అవమానం లేదు. మనల్ని ఓడించినవాడు ఎక్కడుంటాడో, అసలు మనిషో కాదో కూడా తెలీదు. ఎవరి మీదా కక్ష పెట్టుకోనక్కర్లేదు. లోకశాంతికి ఇంతకంటే ఏం కావాలి?

పల్లంరాజు గోదావరిలో వలేసుకుని బతికే మనిషి. అతనికి ఇంజను పడవ ఒకటుంది. ఆ పడవ కోసం భార్య వీరదుర్గ పదేళ్లు చేపల గంప నెత్తిన మోసింది. ఈ సంగతి మీరు గుర్తుంచుకోండి, పల్లంరాజు మర్చిపోయాడు.

అతనికి విద్య నేర్పిన గురువు బావమరిది లోకనాథ్.

"చేతికి రెండు ముక్కలొస్తాయి బావా. మధ్యలో ఐదు పడతాయి. అన్నిట్లోకీ మంచివి ఐదు ఏరుకోవడమే. ముక్కలు బాలేవనుకో, ఫోల్డ్ నొక్కేసి తప్పుకోవాలి."

"తప్పుకోడానిక్కూడా బటనుందా?" అన్నాడు పల్లంరాజు, పెద్ద సదుపాయమే అనుకుని. ఆ తర్వాత ఆ బటను అతనికి ఎప్పుడూ కనబడలేదు.

చిక్కల్లా ఒక్కటే. అప్పట్లో ఆంధ్రాలో ఆ ఆటకి నిషేధం. ఇంట్లో కూచుని యాప్ తెరిస్తే, మీ రాష్ట్రంలో కుదరదని మర్యాదగా చెప్పేది. ఏటికి అవతలున్న యానాం పుదుచ్చేరి కిందకొస్తుంది. అక్కడికెళ్లి ఆడుకోవచ్చు. కానీ రోజూ యానాం వెళ్లొస్తే మందు కోసమే వెళ్తున్నాడని ఊరనుకోదూ? పల్లంరాజుకి పరువు ముఖ్యం!

అందుకని పడవేసుకుని ఏట్లోకి వెళ్లాడు. ఫోను పైకెత్తి పట్టుకుని, పండుగప్ప చేపలు ఎక్కడ తిరుగుతున్నాయో వెతికినట్టే వెతికాడు. ఒకచోట యాప్ తెరుచుకుంది. అక్కడే లంగరేశాడు. రెండు బారలు ఇటు జరిగితే ఆంధ్రా, ఆట ఆగిపోతుంది. సరిహద్దు ఎక్కడుందో అంత కచ్చితంగా సర్వేవాళ్లకైనా తెలుసా? ఈ భూగోళ జ్ఞానం ఏ బడిలో చెబుతారండీ?

ఇక లాభాలు ఒకటా రెండా! వల తడవదు గనక చిరగదు. పడవ కదలదు గనక డీజిలు ఆదా. మూడు నెలలపాటు చేపలకి సైతం ప్రాణభయం లేదు.

"ఏం మావా, ఏట్లో చేపలే లేవా?" అని వీరదుర్గ ఖాళీ గంప చూసి అడిగేది.

"కాలం బాలేదే" అనేవాడు.

లోపలి సంగతి మొహంలో తెలియనివ్వకపోవడాన్ని పోకర్ ఫేస్ అంటారు. ఫోనులో ఎవరి మొహమూ ఎవరికీ కనబడదు గనక, నేర్చిన విద్యంతా పాపం భార్య మీదే ప్రయోగించాల్సి వచ్చింది.

ఆటలో పోగొట్టినదానికి చేసిన అప్పులు పెరిగి, చివరికి పడవ అమ్మకానికొచ్చింది. కొనేవాడు సోమవారం వస్తానన్నాడు. అప్పుడిక నిజం చెప్పక తప్పలేదు. వీరదుర్గ ఏడవలేదు, తిట్టలేదు. ఆదివారం పొద్దున్నే వల భుజానేసుకుని వచ్చి పడవెక్కింది.

"నువ్వు కూచునే ఆ చోటేదో నాకూ చూపించు."

చూపించాడు. ఆమె అక్కడే వల దింపింది. వల నీళ్లలో ఉన్న గంటసేపూ ఊరికే కూచోవడం దేనికని, పల్లంరాజు ఒక్క ఆటకని ఫోను తీశాడు.

మూడు నెలలుగా వల ఎరగని నీళ్లండీ అవి! లాగబోతే వల రాదు. ఇద్దరూ పడవ అంచుకి కాళ్లు తన్నిపెట్టి లాగారు. పండుగప్పలు తెల్లగా మెరుస్తూ పైకి తేలాయి.

"ఇది ఒడ్డుకి చేరిందంటే రేపొచ్చేవోడిని పొమ్మందాం మావా" అంది వీరదుర్గ. ఆమె నవ్వి మూడు నెలలైంది. పల్లంరాజుకి కళ్లలో నీళ్లు తిరిగాయి. నిజంగానే తిరిగాయి, ఇందులో వెటకారం లేదు.

అప్పుడు చెక్క మీదున్న ఫోను మోగింది. "పల్లంరాజు గారూ, మీ వంతు. పదిహేను సెకన్లు."

అతను పుట్టాక అతన్ని గారు అని పిలిచింది ఆ యాప్ ఒక్కటే. చేపలు కొనే షావుకార్లు పిలవలేదు, ఆఫీసుల్లో పిలవలేదు. అంత మర్యాదగా పిలిస్తే పలక్కుండా ఎలా ఉంటాడు? చేతిలో ముక్కలు బాలేవు. పలక్కుండా ఊరుకుంటే యాప్ తనే ఫోల్డ్ కొట్టేసేది.

పల్లంరాజు వల వదిలి ఫోను అందుకున్నాడు.

వీరదుర్గ ఒక్కతే పట్టుకోగలిగినంతసేపు పట్టుకుంది. తాడు ఆమె అరచేతుల్ని కోసుకుంటూ వలతో సహా ఏట్లోకి జారిపోయింది.

ముక్కలు బాలేకపోయినా పల్లంరాజు పందెం పెంచి దబాయించాడు. అవతలివాళ్లంతా భయపడి తప్పుకున్నారు. నూట నలభై రూపాయలు గెలిచాడు.