ఆకుపచ్చ పొట్లం సాక్షిగా కొత్త సిస్టమ్

లుకాంగ్ ఊళ్లో పాత రేవు వార్డు కార్యాలయంలోని ల్యాప్‌టాప్‌కు కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ వేసే కార్యక్రమం సకల భద్రతా ఏర్పాట్ల నడుమ దిగ్విజయంగా ముగిసిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. ఎవరికీ గాయాలు కాలేదు. టీ కూడా ఒలకలేదు. తువాన్ అవ్వ ఒక్కతే ఏడ్చింది. అయితే ఆమెకు తొంభై దగ్గర పడుతున్నాయని, ఆ వయసులో కళ్ల వెంట నీళ్లు కారడం మామూలేనని వార్డు పెద్ద షీ వెన్-తుంగ్ గారు అధికారికంగా ప్రకటించారు.

ఆ ల్యాప్‌టాప్ ఆషామాషీది కాదు. మూడు ఎన్నికలు చూసింది. అది తెరుచుకునేలోగా కార్యాలయ సిబ్బంది ఒక దఫా టీ తాగి, రెండో దఫాకు నీళ్లు కాచుకునేవారు. దానివల్ల సిబ్బంది మధ్య సఖ్యత బాగా పెరిగింది. ఇంతలో ఆ పాత సిస్టమ్‌కు ఇకపై భద్రతా మరమ్మతులు రావనీ, దొంగలు చొరబడే ప్రమాదం ఉందనీ పైనుంచి హెచ్చరిక వచ్చింది.

తువాన్ అవ్వకు దొంగల బెంగ లేదు. ఆమె ప్రాణమంతా అందులో ఉన్న ఒక్క ఫోటో మీదే ఉంది. కిందటి శరదృతువులో వార్డువాళ్లు ముసలివాళ్లందరినీ కూర్చోబెట్టి, పోయాక పూల మధ్య పెట్టుకునే ఫోటోలు ముందుగానే తీయించారు. లేకపోతే ఆఖరి నిమిషంలో పిల్లలు కంగారుపడి, గుర్తింపు కార్డు మీది దొంగ మొహాన్నే పెద్దది చేయించి పెడతారు. ఆ రోజు అవ్వ జుట్టు దువ్వించుకుంది, పెదాలకు రంగు వేసుకుంది, పచ్చరాయి కమ్మలు పెట్టుకుంది. ఇంత చేసి కుర్చీలో కొయ్యబారి కూర్చుంది. అప్పుడు కెమెరా వెనకనుంచి చియో-తీ, చిన్నప్పటినుంచీ ఆమెతో పోట్లాడుతూ వచ్చిన స్నేహితురాలు, "కాస్త నవ్వవే. ఆ మొహం చూస్తే నీ చావుకొచ్చినవాళ్లు భోంచేయకుండానే పోతారు" అంది. అవ్వ పగలబడి నవ్వింది. ఆ నవ్వే ఫోటోలో పడింది.

చలికాలంలో చియో-తీ పోయింది. అలా నవ్వించే మనిషి ఇక లేదు. అందుకే ఆ ఫోటో అంటే అవ్వకు అంత ఆపేక్ష.

అంత ఆపేక్ష ఉంటే అచ్చు వేయించి ఇంట్లో పెట్టుకోవచ్చు కదా అని మీరు అడగవచ్చు. వార్డువాళ్లు ఉచితంగానే ఇస్తామన్నారు. ఒక్క ఇంటివాళ్లూ పుచ్చుకోలేదు. "అలాంటివి ఇంట్లోకి తేకండి అత్తయ్యా, యముడికి మనమే అడ్రసు ఇచ్చినట్టుంటుంది" అంది తువాన్ అవ్వ కోడలు. అదీ నిజమేనని అవ్వ కూడా ఒప్పుకుంది. పోనీ పెన్‌డ్రైవ్‌లో ఇస్తామంటే, చిన్నదైనా చావు చావేనని అందరూ దండం పెట్టేశారు. ఆ విధంగా వార్డులోని చావులన్నీ భద్రంగా ల్యాప్‌టాప్‌లోనే ఉండిపోయాయి.

ఇక ముందుజాగ్రత్తల విషయంలో షీ గారు ఏ లోటూ రానివ్వలేదు. పంచాంగం చూసి మంచిరోజు పెట్టించారు. పులి సంవత్సరంలో పుట్టినవాళ్లు శుభకార్యాలకు అచ్చిరారని, వాళ్లను ఆ పూట కార్యాలయం గడప తొక్కవద్దన్నారు. నిప్పులార్పే సిలిండర్ తెప్పించారు. మాత్సు అమ్మవారి గుడిలో అవునో కాదో చెప్పే చంద్రవంక చెక్కలు విసిరి, సిస్టమ్ వేయమంటావా తల్లీ అని అడిగారు. అమ్మవారు కాదంది. తప్పు ప్రశ్నదేనని గ్రహించి, వేయవద్దంటావా అని తిప్పి అడిగారు. దానికీ కాదంది. దాంతో అనుమతి లభించింది.

పని చేయడానికి షీ గారి మరదలి అన్న పొ-హన్‌ను పిలిపించారు. అతడు కంప్యూటర్ చిప్పుల ఫ్యాక్టరీలో ఉద్యోగి. అక్కడి క్యాంటీన్‌కు కూరగాయలు కొనడం అతని పని. అయినా చిప్పుల గాలి పీల్చినవాడు కనుక అతని అర్హతను ఎవరూ శంకించలేదు. అన్నిటికన్నా ముఖ్యంగా, ల్యాప్‌టాప్ పక్కన కొబ్బరి రుచి మొక్కజొన్న చిరుతిండి పొట్లం ఒకటి పెట్టారు. ఆ పొట్లం పక్కనుంటే యంత్రం బుద్ధిగా నడుచుకుంటుందని మా దగ్గర బ్యాంకులకూ తెలుసు, ఆసుపత్రులకూ తెలుసు. పొట్లం ఆకుపచ్చదే అయి ఉండాలి. పసుపుపచ్చది పెడితే యంత్రం మొరాయిస్తుంది.

శుభముహూర్తాన పొ-హన్ మీటలు నొక్కాడు. తెర మీద ఒక ప్రశ్న వచ్చి ఆగింది. అతడు మెడ గోక్కున్నాడు.

"ఏమంటోంది నాయనా అది?" అని అడిగింది తువాన్ అవ్వ. ఆమె పొద్దుటినుంచీ అక్కడే కూర్చుని ఉంది.

"అన్నీ చెరిపేస్తాను, సరేనా అంటోంది అవ్వా."

"అన్నీ అంటే?"

"పాతవన్నీ."

"నా ఫోటో పాతదేం కాదే. మొన్న శరత్తులోనే తీశారు."

"ఇంకేం మరి" అన్నారు షీ గారు. "పొట్లం పెట్టారా?"

"పెట్టాం."

"ఆకుపచ్చదేనా?"

"ఆకుపచ్చదే."

"అయితే నొక్కెయ్."

నొక్కేశాడు. ల్యాప్‌టాప్ కళ్లు మూసి తెరిచేలోగా తెరుచుకోవడం మొదలుపెట్టింది. మోయడానికి ఏమీ మిగలనిది ఏదైనా చురుగ్గానే నడుస్తుంది. చప్పట్లు మోగాయి. షీ గారు లేచి, "ఈ రోజు మన వార్డు భవిష్యత్తులోకి అడుగుపెట్టింది. గతం తాలూకు భారం ఇక మన మీద లేదు" అని ఉపన్యసించారు. అందులో ప్రతి మాటా అక్షరసత్యం.

"అదంతా సరేలే తుంగూ, నా ఫోటో ఒకసారి చూపించు" అంది అవ్వ షీ గారితో.

వెతికారు. మళ్లీ వెతికారు. ల్యాప్‌టాప్‌ను తిరగేసి కూడా చూశారు. అవ్వ తెర మీదికి వంగి చూసింది. తెర మీద ఎవరిదో తెలియని పచ్చికబయలు ఉంది.

"చియో-తీ నవ్వించింది అందులో" అంది. కళ్ల వెంట నీళ్లు కారడం అప్పుడే మొదలైంది.

వెంటనే విచారణ సంఘం ఏర్పడి, ఆ సాయంత్రానికే నిజం నిగ్గుతేల్చింది. పొట్లం గడువు కిందటి నెలతోనే తీరిపోయింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. పొ-హన్ నిర్దోషి అని తేలింది. పొట్లం కొనుక్కొచ్చిన కోశాధికారి నడుం వంచి క్షమాపణ చెప్పాడు. ఇకపై పొట్లాల మీది తేదీలు చూడటానికి ఒక ఉపసంఘాన్ని నియమించారు.

ఇంతకూ ఆ ఫోటోల్లో బతికి బయటపడ్డది చియో-తీది ఒక్కటే. సకాలంలో చనిపోవడం వల్ల ఆమె ఫోటో అచ్చుకు నోచుకుంది. మిగతావాళ్లు బతికి ఉండి నష్టపోయారు.

మళ్లీ ఫోటోలు తీయించారు. తువాన్ అవ్వ అవే కమ్మలు పెట్టుకుని, అదే కుర్చీలో కొయ్యబారి కూర్చుంది. ఫోటోగ్రాఫర్ ఎంత బతిమాలినా పెదవి కదల్లేదు. అప్పుడు షీ గారు, భద్రత విషయంలో రాజీ లేని మనిషి కనుక, కొత్త ఆకుపచ్చ పొట్లం తెచ్చి, గడువు తేదీని పైకి చదివి, రెండు చేతులతో భక్తిగా కెమెరా నెత్తిన పెట్టారు. అవ్వ దాన్ని చూసింది. "అది చూస్తే చియో-తీ శవపెట్టెలోంచి లేచొస్తుందిరా తుంగూ" అని కమ్మలు ఊగేలా నవ్వింది. ఈసారి ఫోటో ఇంకా బాగా వచ్చింది.

"అచ్చు వేసి ఇమ్మంటారా?" అని అడిగాడు ఫోటోగ్రాఫర్.

అవ్వ కోడలి వంక చూసింది. కోడలు కళ్లతోనే వద్దంది.

"ఇప్పుడెందుకులే నాయనా, కంప్యూటర్‌లోనే ఉండనీ" అంది అవ్వ. "ఈసారి తేదీ చూశారుగా."

చదువుతున్న మీరు మా వార్డును చూసి నవ్వుకుంటూ ఉంటారు. నవ్వండి. మీ పిల్లల మొదటి అడుగులూ, మీ నాన్నగారి గొంతూ ఏ పాత ల్యాప్‌టాప్‌లో ఉన్నాయో, వాటికి ఇంకో కాపీ ఎక్కడుందో మేం అడగబోవడం లేదు. దసరాకు దాని మూత మీద పెట్టిన కుంకుమబొట్టు చెరిగిపోలేదు కదా. మా పొట్లానికి కనీసం గడువు తేదీ ఉంటుంది.